పొగ రాకముందు

పరుగు!

చీకట్లో పరుగు!

బయట ఇంకా ఎండ ఉంది. సాయంత్రం అయిదే అయింది. కానీ ఈ నేలమాళిగకి కిటికీలు లేవు. మెయిన్ స్విచ్ ఎవరో ఆపేశారు.

ఎవరో కాదు... ఆయనే!

వెనక టార్చిలైటు ఊగుతోంది. బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"ఆగు! ఆ ఫిల్మ్ ఇలా ఇచ్చెయ్!"

సూపరింటెండెంటు గొంతు. పధ్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే "ఏమ్మా, టీ తాగావా" అని అడిగిన గొంతు!

ఆమె ఆగదు.

ఎడమవైపు మ్యాపులు. కుడివైపు జనన మరణాల రిజిస్టర్లు. నగర రికార్డుల భవనంలో ఫొటో సెక్షన్ ఆమెది. ఏ బీరువాలో ఏ డబ్బా ఉందో వేళ్లకే తెలుసు. చీకటి ఆమెకి అడ్డం కాదు.

ఆయనకీ కాదు... ముప్పై రెండేళ్లు ఇక్కడే ఉన్నాడు! వచ్చే నెలే రిటైర్‌మెంట్.

ఆమె గుప్పిట్లో ఒక చిన్న కవరు. కవర్లో నాలుగు ఫ్రేముల నెగటివ్ ముక్క.

ఇరవై నిమిషాల క్రితం దొరికింది.

భవనానికి వందేళ్లు నిండాయని హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. పాత ఫొటోలన్నీ వెతికి స్కాన్ చేసే పని ఆమెకి అప్పజెప్పారు. శంకుస్థాపన ఫొటో. గోపురానికి గడియారం ఎక్కిస్తున్న ఫొటో. వరదనీళ్లు మెట్లదాకా వచ్చిన ఫొటో.

ఆ తర్వాత... ఊరంతటికీ తెలిసిన ఫొటో. ముప్పై ఏళ్ల క్రితం ఈ భవనం తగలబడుతున్న ఫొటో.

అందులో తగలబడింది భవనం ఒక్కటే కాదు. లోపల ఆమె తండ్రి ఉన్నాడు. ఇక్కడి వాచ్‌మన్. సిగరెట్ తాగి పారేశాడు, తానే అంటించాడు, తానే పోయాడు... రిపోర్టులో రెండే లైన్లు. "కొంప తగలబెట్టినవాడి పెళ్లాం" అన్న మాట పడలేక తల్లి మూడేళ్లకే పోయింది. పిల్లని మేనమామ తీసుకెళ్లి పెంచాడు.

ఇవాళ, "పాడైన ఫిల్మ్" అని రాసి ఉన్న డబ్బా అడుగున ఈ కవరు కనిపించింది. లైట్ టేబుల్ మీద పరిచింది. అంచు మీద నంబర్లు చూసింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు.

ఊరంతటికీ తెలిసిన ఫొటో నంబరు పన్నెండు!

అదే రోజు. అదే కెమెరా. ఎదురు మేడ మీంచి.

పదకొండు నిండా పొగే. ఎనిమిదిలో పొగ లేదు. తలుపు దగ్గర ఒక మనిషి వీపు.

తొమ్మిదిలో అతను ఇటు తిరిగాడు. అతని వెనక తలుపుకి తాళం... బయటి నుంచి!

పదిలో పొగ. పై కిటికీ ఊచల్లోంచి రెండు చేతులు. కింద అదే మనిషి, తలెత్తి చూస్తూ.

నాన్న చేతులు!

వెంటనే మామయ్యకి ఫోన్ చేసింది.

"తాళం వేసినవాడు ఉన్నాడు మామయ్యా! నెగటివ్ కదా, ముఖం తెలియట్లేదు. స్కాన్ చేస్తే తెలుస్తుంది."

"చెయ్యకు. ఎవరికీ ఇవ్వకు. పావుగంటలో వస్తున్నా."

ఫోన్ పెట్టేసి తలెత్తితే... గుమ్మంలో సూపరింటెండెంటు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. మరుక్షణం ఆయన చెయ్యి గుమ్మం పక్క మెయిన్ స్విచ్ మీద పడింది, స్కానర్‌తో సహా కరెంటు పోయింది.

అప్పట్నుంచీ ఈ పరుగు!

"ఫోన్... ఎవరికి చేశావు?" ఆయనకి ఉబ్బసం. మాట మాటకీ ఈల వేస్తోంది ఛాతీ. "అది బయటికొస్తే... చంపేస్తా..."

దగ్గు. దగ్గు. దగ్గు.

చంపేస్తా!

ఇంకెక్కడికీ దారి లేదు. ముందు గోడ!

పక్కన పట్టాల మీద జరిగే బీరువాలు. నిలువెత్తు ఇనుప బీరువాలు. చివర చక్రం తిప్పితే ఒకదాన్నొకటి వచ్చి ఆనుకుంటాయి. తిప్పేముందు మధ్యలో మనిషి లేడని చూసుకోవాలి. ఉద్యోగంలో చేరిన రోజు ఆయనే నేర్పించాడు.

ఆమె ఒక సందులో దూరి అవతల తేలింది. చక్రం పట్టుకుంది.

టార్చి వెలుగు అదే సందులోకి వచ్చింది. ఒక అడుగు... రెండు... మూడు...

తిప్పింది!

చక్రం తేలిగ్గా తిరిగింది. తర్వాత బరువెక్కింది. తర్వాత ఏదో విరిగిన చప్పుడు.

ఆమె ఆపలేదు. ఇంకో చుట్టు తిప్పింది!

టార్చి కిందపడి దొర్లింది.

తర్వాత, చాలా సన్నగా... "వదులు... తల్లీ..."

ఆమె గబగబా చక్రం వెనక్కి తిప్పింది. ఆయన మ్యాపుల గొట్టాల మీద పడ్డాడు. నోట్లోంచి నురగ, నురగలో నెత్తురు.

"చంపేస్తా... డు." ఇప్పటికి పూర్తయింది ఆ మాట. "నిన్నూ... నన్నూ... చంపేస్తాడు. అదే చెబుతున్నా..."

"ఎవరు?"

"ముఖం... చూడు..."

కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు ఆగిపోయింది.

ఆమె టార్చి పైకి తిప్పి పెట్టింది. దాని అద్దం మీద నెగటివ్ ఆనించింది. ఫోన్ కెమెరాలో రంగులు తిరగేసే సెట్టింగ్ ఉంటుంది. నొక్కింది. నలుపు తెలుపయింది. తెలుపు నలుపయింది.

తొమ్మిదో ఫ్రేము. తలుపు. తాళం. ఇటు తిరిగిన ముఖం.

ఇంకాస్త దగ్గరగా...

ఒత్తయిన మీసం. ఫైర్ స్టేషన్ చొక్కా. ఆ నవ్వు!

స్కూలు గేటు దగ్గర తనకోసం ఎదురుచూసిన నవ్వు...

"మామయ్య!"

"ఆఁ, వచ్చా తల్లీ."

మెట్ల మీంచి! ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

మామయ్య నింపాదిగా దిగివచ్చాడు. ఫైర్ ఆఫీసరుగా రిటైరయ్యాక సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుకున్నాడు. లైసెన్సు రివాల్వర్ ఎప్పుడూ నడుముకే ఉంటుంది. ఇవాళ చేతిలో ఉంది.

కిందపడి ఉన్నాయన వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకున్నాడు.

"ఫొటో తీశావా?"

"లేదు. చూశానంతే..."

"మంచి పని చేశావు." గోడకి వేలాడుతున్న మంటలార్పే ఎర్ర బకెట్ నీళ్లలో ఫోన్ జారవిడిచాడు. బుడగలు వచ్చి ఆగిపోయాయి.

"వీడు చూడు! ఆ ఫొటోలు తీసినవాడు వీడి స్నేహితుడు. వాడి స్కూటర్ మీదికి లారీ ఎక్కించాక వీడు దారికొచ్చాడు. ఫిల్మ్ కాల్చేశానని ఒట్టేశాడు. ముప్పై ఏళ్లు నన్ను మోసం చేశాడు తల్లీ!"

నిజంగానే నొచ్చుకున్న గొంతు!

"ఎందుకు మామయ్యా?"

"భూముల రిజిస్టర్లు పోవాలన్నారు పెద్దవాళ్లు. అంతే. బావకి ఆ రోజు సెలవు. లోపల ఉన్నాడని నాకేం తెలుసు?"

"చేతులు కనిపించాయి కదా?"

"కనిపించాయి."

"తాళంచెవి?"

"జేబులోనే ఉంది."

"మరి..."

"తలుపు తీస్తే బావ నన్ను చూస్తాడుగా!" చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. "సరే. వీణ్ని నువ్వు చంపావు, నేను చూడలేదు. ఆ ఫొటో నువ్వు చూడలేదు. సరికి సరి. ఇలా ఇవ్వు. ఇంటికి పోదాం. అత్తయ్య రెండుసార్లు ఫోన్ చేసింది."

ఆమె ఇచ్చేసింది.

నెగటివ్ పొడుగ్గా ఉంది. జేబులో పట్టడంలేదు. రివాల్వర్ బీరువా అరలో పెట్టి, రెండు చేతులతో ఫిల్మ్‌ని సరిగ్గా మధ్యకి మడిచాడు. చొక్కా జేబులో దోపుకున్నాడు.

తన చేతుల్లో పెరిగిన పిల్ల. భయమేముంది?

"మామయ్యా..."

"ఊఁ?"

"కిటికీలోంచి నాన్న ఏమని అరిచాడు?"

మామయ్య మొదటిసారి కళ్లు దించుకున్నాడు.

"చిట్టీ... చిట్టీ... అని. నిన్నే పిలిచాడు. చివరిదాకా. అందుకేగా తల్లీ నిన్ను తెచ్చి పెంచుకున్నా!"

అర ఖాళీగా ఉంది.

మామయ్య ఆ సంగతి గమనించేసరికి రివాల్వర్ ఆమె చేతుల్లో ఉంది. రెండు చేతుల్లో. వణకకుండా.

"చిట్టీ! పిచ్చిపని చెయ్యకు. నేను నీ..."

ధన్!

చప్పుడుకి బీరువాలన్నీ గణగణమన్నాయి. మామయ్య బకెట్ మీద పడి, బకెట్‌తో సహా నేల మీదికి జారాడు. ఎర్రటి నీళ్లు పారాయి.

పైన కలకలం! గేటు దగ్గరి గార్డుల ఈలలు. మెట్ల మీద పరుగులు.

రానీ! రానీ అందర్నీ! చూపిస్తుంది. నాన్న సిగరెట్ పారెయ్యలేదని చూపిస్తుంది. తాళం చూపిస్తుంది. చేతులు చూపిస్తుంది!

మోకాళ్ల మీద కూర్చుని మామయ్య చొక్కా జేబులోంచి ఫిల్మ్ లాగింది. తడిగా ఉంది. వెచ్చగా ఉంది. మడత విప్పి టార్చి ముందు పట్టింది.

తూటా జేబులోంచే వెళ్లింది.

మడిచి ఉంది కాబట్టి రెండు చిల్లులు.

తొమ్మిదో ఫ్రేములో తాళం ఉంది, తలుపు ఉంది. ముఖం లేదు.

పదో ఫ్రేములో కిటికీ లేదు. చేతులు లేవు.

రెండు శవాల మధ్య, రివాల్వర్ ఒళ్లో పెట్టుకుని ఆమె ఆ చిల్లుల్లోంచి చూస్తూనే ఉంది.

నాలుగు టార్చిలైట్లు ఒక్కసారి ఆమె ముఖం మీద పడ్డాయి.

"చేతులు పైకెత్తు!"