గాలిసంచి రెండో కొస

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బాటలో, లింగంపేట ఇంకా రాకముందే, ఎడమచేతి పక్కన ఒక బోడి మైదానం ఉండేది. పొద్దుగూకాక అటు ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు. బండ్లవాళ్ళు ఎడ్ల మెడలో గంటలకు గుడ్డ చుట్టి మరీ దాటేవారట. ఆ చప్పుడు చెవిన పడితే — రుక్మాబాయి లేచి వస్తుందని!

ఈ సంగతి నాకు చెప్పింది లింగంపేట రామవ్వ. బీడీలు చుట్టుకుంటూ, ఒక్కసారి కూడా తలెత్తకుండా చెప్పింది. నమ్మితే నమ్మండి. లేదంటే ఒక రాత్రి ఆ బాటన నడిచి చూడండి, నేను మాత్రం తోడు రాను.

రుక్మాబాయి అంటే, అక్కడి పాడుబడిన దిగుడుబావిలో పడి చచ్చిపోయిన మనిషి. మొగుడు రెండో పెళ్ళాన్ని ఇంటికి తెచ్చిన రాత్రే దూకింది. అప్పటి నుంచి, పెళ్ళాన్ని ప్రేమగా చూసుకునే మగవాడు కనిపిస్తే చాలు, ఆమెకు ఒళ్ళు మండిపోయేదట. అలాంటివాణ్ణే పట్టుకునేదట.

నిజాం సర్కారు విమానాలు దిగడానికి చోటు వెతుకుతూ వచ్చి, ఎవరికీ పనికిరాని ఆ కంకర బీడునే మెచ్చింది. తుమ్మలు కొట్టించారు. పుట్టలు తవ్వించారు. పాడుబావిని మన్నుతో పూడ్పించారు. ఎడ్లతో రాతిగుండు లాగించి నేల చదును చేయించారు. నడుమ సున్నంతో పెద్ద తెల్లచక్రం గీయిస్తే, అది చేతబడికి వేసే బాణామతి ముగ్గేనని చుట్టుపక్కల వాళ్ళు పశువులను అటు తోలడమే మానేశారు.

గాలి ఎటు వీస్తుందో పైనున్నవాడికి తెలియాలి కదా! అందుకని ఒక స్తంభం పాతి, దానికి రెండు నిలువుల పొడవైన తెల్లగుడ్డ సంచి కట్టారు. ఆ స్తంభం ఎక్కడ పాతారనుకున్నారు? పూడ్చేసిన బావి మీదనే! అక్కడైతే మన్ను మెత్తగా ఉంది, తవ్వడం సులువని.

మొదట్లో ఏడాదికి ఒక విమానం దిగితే గొప్ప. యుద్ధం మొదలయ్యాక రాకపోకలు పెరిగాయి. పెట్రోలు పీపాలు వచ్చాయి, రేకుల కొట్టం వచ్చింది, రాత్రి కాపలాకు చౌకీదారు కావలసివచ్చాడు. దెయ్యానికి జడిసి ఎవరూ ముందుకు రాకపోతే మైసన్న వచ్చాడు. ఉత్త అమాయకుడు, పెళ్ళామంటే ప్రాణం.

ఆ పెళ్ళాం పేరు భూదేవి. రుక్మాబాయి అంటే ఊరందరికీ భయం. భూదేవికి మాత్రం కుళ్ళు.

“దయ్యమైతేంది? ఆడిదే గద!” అనేది. “దినాం రాత్రి దాని కాడికే పోతడు. పొయ్యేటప్పుడు తల దువ్వుకుంటడు, సూడుండ్రి!”

పాపం, అతను సర్కారు టోపీ సరిగ్గా కూర్చోవాలని దువ్వుకునేవాడు. అది చెప్పబోతే ఆమె ఇంకా మండిపడింది. చివరికి మొగుడితో మాటలు కూడా బంద్ చేసింది.

అలా మాటల్లేని రోజుల్లోనే ఒక గాలివాన ఊరిని ఊపేసింది. మర్నాడు చీకటి పడ్డాక, మైసన్న కాపలాకు వెళ్ళిపోయాక, భూదేవి ఎందుకో పెట్టె తెరిచింది. పెళ్ళినాటి చీర లేదు! పసుపు అద్దిన అంచులున్న తెల్ల నూలుచీర. పెట్టె తాళం సంగతి మైసన్నకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

చీర ఎవరికి పోయిందో ఆమెకు చెప్పనక్కరలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది.

మైదానంలో గాలి ఆగిపోయి ఉంది... కీచురాళ్ళు కూడా అరవడం లేదు... స్తంభం కింద కందిలి వెలుగుతోంది.

మైసన్న కూర్చొని ఉన్నాడు. అతని ఒళ్ళో... తెల్లగా... ఎవరో పడుకొని ఉన్నారు. తల అతని తొడ మీద. కాళ్ళు కందిలి వెలుగు దాటి చీకట్లోకి పోయాయి.

అతను వంగి గుసగుసలాడుతున్నాడు.

“గట్టిగ పట్టుకో... ఇంక జరంతే...”

చీకట్లో గాజులు గలగలమన్నాయి.

భూదేవికి భయం వేయలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. ఆ తెల్లదనం మధ్య తన పసుపు అంచు కనిపించగానే గొంతు చించుకొని అరిచింది —

“నా పెండ్లి చీర దానికి కట్టవెడ్తివా!”

మైసన్న ఎగిరిపడ్డాడు. ఒళ్ళో ఉన్నది జారి నేల మీద పడింది. అది స్తంభం మీది గాలిసంచి. నిలువునా చినిగిన చోటల్లా భూదేవి చీర ముక్కలు మాసికలు వేసి ఉన్నాయి.

“గాలికి పీలికలైందే,” అన్నాడు మైసన్న, దోషిలా. “పొద్దుగాల అఫ్సర్ విమానం వస్తది. సంచి లేకుంటె మైదానం పనికిరాదని మూసేస్తరు, నా నౌకరి పోతది. కొత్తది పట్నం నుంచి రాలె. నిన్ను అడుగుదమంటె నువ్వు మాట్లాడకపోతివి...”

భూదేవి అక్కడే కూలబడింది. ఏడుస్తూనే నవ్వింది. ఇన్నాళ్ళూ ఒక గుడ్డసంచిని చూసి కుళ్ళుకున్నానా అని సిగ్గేసింది కూడా.

మైసన్న ఆమె వంక వింతగా చూశాడు.

“అయినా గిదేంది? అలక మాని వచ్చినవని నేను సంబురపడితి. ఇంతసేపు ఆ కొసకు కూసొని కుట్టి, ఇప్పుడు లేచొచ్చి లొల్లి చేస్తవేంది?”

“నేనెక్కడ కుట్టిన? ఇప్పుడే గద వచ్చిన!”

మైసన్న చీకట్లో పడి ఉన్న రెండో కొస వైపు తిరిగాడు.

“గాజుల సప్పుడైతె... నువ్వే అనుకున్న. మాట్లాడకుంటె, ఇంక కోపం పోలేదనుకున్న. రెండో సూది ఇస్తె... అందుకున్నవ్ గద...”

కందిలి ఎత్తి చూశారు. అవతల ఎవరూ లేరు, రెండో సూదీ లేదు. సంచి రెండో సగం మాత్రం పూర్తిగా కుట్టేసి ఉంది. చిన్న చిన్న కుట్లు, ముత్యాలు పేర్చినట్టు. అంత చక్కటి కుట్టు భూదేవికి జన్మలో రాలేదు.

మైసన్న స్తంభానికి దూరంగా జరిగాడు. భూదేవి కళ్ళు ఆ కుట్ల మీదే ఉన్నాయి. పోయిందనుకున్న కుళ్ళు రెట్టింపై తిరిగొచ్చింది.

తెల్లవారి విమానం దిగింది. అఫ్సర్ మైదానం చూసి సరేనన్నాడు. మైసన్న మీది జమేదారు ఘనీ సాబ్ సంచిని కిందికి దింపించి, రెండో కొస వేళ్ళతో తడిమి మురిసిపోయాడు.

“శాబాష్! ఇది ఎవరు కుట్టిండ్రు, మైసన్నా?”

మైసన్న నోరు తెరిచేలోపు భూదేవి ముందుకొచ్చింది.

“నేనే సాబ్. నా మొగనికి నేను గాక ఇంకెవరు కుడతరు?”

ఆ మాట ఆమె స్తంభం మొదలు వైపు చూస్తూ అన్నదట. సంచిని మళ్ళీ పైకెక్కించి అందరూ వెళ్ళిపోయారు.

ఆ రాత్రి భూదేవి ఇంట్లో ఉండలేదు. మైసన్నతో పాటే వచ్చి, స్తంభం కిందనే చాప పరిచి, మొగుడి పక్కన పడుకుంది. అతని చెయ్యి గట్టిగా పట్టుకొని మరీ పడుకుంది. రాత్రంతా ఏ అలికిడీ లేదు.

తెల్లవారి లేచి తలెత్తి చూస్తే... పైన సంచి సగమే బాగుంది. మైసన్న కుట్టిన సగం చెక్కుచెదరలేదు. రెండో సగం కుట్లన్నీ ఊడి పాత పీలికలే వేలాడుతున్నాయి, చీర ముక్కలు స్తంభం చుట్టూ నేల మీద పడి ఉన్నాయి. ఆ ముక్కలు ఎక్కడా చినగలేదు. ఓపికగా, ఒక్కో కుట్టూ విప్పినట్టుంది.

భూదేవి ఆ ముక్కలు ఏరుకుందామని లేవబోయింది. ఏదో చురుక్కుమంది.

ఆమె కొంగుకు రెండో సూది గుచ్చి ఉంది... దారం ఎక్కించి.