కేబుల్లో కరెంటు

“బాంబు కాదు, కోదండరాం. కేబుల్.”

చీఫ్ నాగలింగం గొంతు తగ్గించాడు. మద్రాసు హార్బర్ కోస్ట్ వాచ్ రూమ్‌లో ఎనిమిది రాడార్ మానిటర్లున్నాయి. విదేశీ ముఠా వాటి వీడియో కేబుల్స్‌లోకి బొమ్మతోపాటు హైవోల్టేజి తోయబోతోంది. మానిటర్లు, కంప్యూటరు మాడిపోతాయి. ఆ గుడ్డితనంలో ఆయుధాల బోటు ఒడ్డుకు చేరుతుంది.

ఆపాల్సింది ఏజెంట్ కోదండరాం. అతని పార్ట్‌నర్ కృష్ణవేణి, ఒకప్పటి సినిమా తార. వచ్చే నెల ఇద్దరికీ రిజిస్టర్ మ్యారేజి.

అంబత్తూరు గోడౌన్‌లో దొంగ కేబుల్స్ ఉన్నాయని సమాచారం తెచ్చింది ఆమే. టీవీ మెకానిక్ వేషంలో అతను దాడి చేసి అన్నీ పట్టుకున్నాడు. పాత కేబుల్స్ కూడా నమ్మలేమంటూ ఆమె కొత్త సెట్టు, దాంతో బొమ్మను బలపరిచే ఓ బ్యాటరీ బూస్టర్ పెట్టె ఇచ్చింది. కోదండరాం తన చేతులతోనే వాటిని బిగించాడు.

ఆయుధపూజ రోజు. పన్నెండుకు పది నిమిషాలు. ఏటా ఆనవాయితీగా మెయిన్ ఆపేసి, మానిటర్లకు బొట్లు పెడుతున్నారు. పట్టుచీరలో కృష్ణవేణి హారతి పళ్లెం పట్టుకుంది.

ముసలి ఎలక్ట్రీషియన్ ఆదికేశవులు నాలుగో మానిటర్ దగ్గర ఆగిపోయాడు.

“సార్, ఈడ రండి. మెయిన్ ఆపేసినాం గదా, ఈ మానిటర్ దీపం ఎట్లా వెలగతా ఉండాది? అమ్మవారి మహిమని పూలు ఎయ్యాల్నా, ఫ్యూజు చూడాల్నా?”

కోదండరాం జేబులోని పెన్ను తీసి కేబుల్ మొనకు ఆనించాడు. అది పెన్ను కాదు, టెస్టర్. ఎర్రగా వెలిగింది.

బూస్టర్ పెట్టె మూత పీకాడు. లోపల టైమర్. మూడు నిమిషాలు.

“హారతి కానివ్వండి రామ్, అపశకునం,” అంది కృష్ణవేణి, తీయగా.

ఆ తీపిదనమే అతన్ని కాల్చింది. టైమర్‌కు వైర్లు చుట్టి సీలు వేశారు, ఆపే దారి లేదు.

“పెద్దాయనా, అన్ని కేబుల్సూ పీకు!”

ఒకటి, రెండు... ఏడు. ఎనిమిదోది బిగుసుకుపోయింది. కోదండరాం రెండు చేతులా లాగాడు. ఊడింది. అదే క్షణంలో దాని మొన నుంచి నీలిమంట గాల్లోకి చిమ్మింది. మానిటర్లు చెక్కు చెదరలేదు.

తలుపు దగ్గర గార్డులు పారిపోబోతున్న కృష్ణవేణిని పట్టుకున్నారు.

“నేనిచ్చిన కేబుల్ కాబట్టి టెస్ట్ చెయ్యలేదు కదూ? పాపం, రామ్,” అంది.

కోదండరాం టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. అరచేతులు మండుతున్నాయి.

సాయంత్రం బోటు దొరికింది. నాగలింగం కాఫీ తెప్పించాడు.

“శభాష్! ఆమె సంగతి మాకు ఆర్నెల్లుగా తెలుసు. బోటు బయటికి రావాలని ఊరుకున్నాం. నీకు చెబితే నీ మొహంలో తెలిసిపోయేది.”

కోదండరాం కాఫీ ముట్టుకోకుండా లేచాడు.

“ఈసారి నన్ను చంపించేటప్పుడు ఓ మాట ముందుగా చెప్పండి సార్. లీవు పెట్టుకుంటాను.”