పాలు పడని వాసుదేవుడు

"ఏమండీ, ఇది మందుల షాపా, పాల డిపోనా?"

కౌంటర్ మీద మాత్రల డబ్బా ఠపీమని పడింది. కళ తలెత్తి చూసింది. ఎదురుగా ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. వానలో నిలువునా తడిశాడు. మోచేతుల దాకా ఇంజన్ గ్రీజు, మొహం నిండా కోపం.

"ఏరియా పేరు డైరీ ఫార్మ్ భయ్యా. షాపు మాత్రం మెడికల్ షాపే. బోర్డు కనపడలేదా?"

"బోర్డు కనపడిందండీ. డబ్బా వెనకాల రాసిందే ముందు కనపడలేదు. జలుబని నిన్న మీ దగ్గర ఈ గోళీలు కొన్నాను. రాత్రంతా కడుపులో ఒకటే గడబిడ. డబ్బా తిప్పి చూస్తే ఏటుంది? లాక్టోజ్! గూగుల్‌లో కొట్టాను. పాలచక్కెరంట! నాకు పాలు పడవండీ. గోళీల్లో పాలు కలిపి అమ్ముతారేటి?"

లైన్లో ఉన్నవాళ్ళు తమ చేతుల్లోని మందుల వంక అనుమానంగా చూసుకున్నారు. కళకి ఒళ్ళు మండింది. ఆమె పాలమ్మే ఇంట్లో పుట్టి మందులమ్ముతున్న పిల్ల. ఒక్క మాటతో రెండింటినీ కలిపి తిట్టిన మొనగాడు ఇతనే.

"చూడండి భయ్యా, మాత్రలో అసలు మందు ఒక్కోసారి ఆవగింజంత కూడా ఉండదు. అంత మందు చేతిలో పెడితే మింగుతారా, వెతుక్కుంటారా? అందుకని పాలచక్కెర కలిపి మాత్ర కడతారు. దానికి ఘాటు లేదు, మందుతో పేచీ లేదు, నొక్కితే చక్కగా అతుక్కుంటుంది. ఒక మాత్రలో ఉండేది చెంచాడు పాలలో ఉన్నంత కూడా కాదు. దానికి రాత్రంతా గడబిడ చేసేంత సీన్ లేదు. నిన్న ఇంకేం తిన్నారు?"

"అన్నం, చేపల పులుసు."

"ఏం తాగారు?"

"టీ."

"పాల టీనా?"

"అరే, పాలు ముట్టి ఏళ్ళయిందండీ! పడవల ఇంజన్లు బాగుచేసే జెట్టీలో పొడి టీ."

"పొడి అంటే?"

"పొడేనండీ. మిల్క్ పౌడర్."

కళ బిల్లు పుస్తకం పక్కన పెట్టింది. "ఎన్ని తాగుతారు రోజుకి?"

"లెక్కెవడు పెడతాడండీ? ఇంజన్ విప్పినప్పుడొకటి, బిగించినప్పుడొకటి, స్టార్ట్ అయితే ఒకటి, కాకపోతే రెండు."

ఇక ఆమెకి నవ్వాగలేదు. సముద్రం నడుమ ఉన్న ఈ దీవుల్లో పాలంటే గేదె దగ్గర పితికినవే. ఓడలో సంచుల్లో దిగేది 'పొడి'. దాన్ని పాలని ఎవరూ అనరు. దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో పుట్టి పొడి టీ తాగి పెరిగినవాడు పాలు మానేశానని చెప్పుకుంటూ పొడి మీద పొడి తాగేస్తున్నాడు.

"భయ్యా, పాలలోంచి నీళ్ళు తీసేస్తే మిగిలేదే పొడి. పాలచక్కెర అంతా అందులోనే కూర్చుని ఉంటుంది. దాన్ని అరిగించే రసం మీ కడుపులో తక్కువ. నా గోళీని తిట్టారు గానీ, అసలు దొంగ మీ టీ గ్లాసులో ఉన్నాడు. ఇంతకీ మీ పేరేంటి?"

అతను గ్రీజు చేతుల్ని వెనక్కి దాచుకున్నాడు. "వాసుదేవ్."

"వాసుదేవుడికి పాలు పడవా!"

లైన్లో వాళ్ళంతా గొల్లుమన్నారు. అతని మొహం కందిపోయింది. డబ్బా తీసుకుని వచ్చినంత వేగంగానే వానలోకి వెళ్ళిపోయాడు. పాపం, కాస్త ఎక్కువ చేశానేమో అని కళకి ఆ సాయంత్రం దాకా అనిపిస్తూనే ఉంది.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతులు కడుక్కుని, తల దువ్వుకుని మరీ వచ్చాడు.

"మీరు చెప్పినట్టే పొడి మానేశానండీ. పాలు లేని లాల్ చాయే తాగుతున్నాను. కడుపు స్మూత్‌గా నడుస్తోంది. థాంక్స్ చెప్పిపోదామని..."

"వెల్కమ్ భయ్యా."

"ఆ భయ్యా ఒక్కటీ తీసేస్తారేటి?"

"దీవిలో అందరూ భయ్యాలే కదా."

"అందరూ ఉండనీండి. నన్నొదిలేయండి."

కళ తల వంచి, ఉన్న బిల్లునే మళ్ళీ కొట్టింది. కానీ ఆ రోజు నుంచి భయ్యా అనలేదు.

తర్వాత ఫోన్లో ఫొటోలు మొదలయ్యాయి. షాపు వాట్సాప్ నంబర్‌కి మొదట ఒక బిస్కెట్ ప్యాకెట్ వచ్చింది. కింద "ఇందులో ఉందా?" అని ఉంది. ఉంది, రంగు బాగా రావడానికి వేస్తారు అని ఆమె జవాబిచ్చింది. చిప్స్ ప్యాకెట్ పంపాడు. అందులోనూ ఉంది, మసాలా అంటుకోడానికి. సూప్ ప్యాకెట్ పంపాడు, చాక్లెట్ పంపాడు. ఒకరోజు షాంపూ సీసా వచ్చింది.

"తాగుతావా?" అని కొట్టింది కళ. కొట్టాక చూసుకుంది, 'మీరు' ఎప్పుడో 'నువ్వు' అయిపోయింది.

మర్నాడు సముద్రం మీద సూర్యాస్తమయం వచ్చింది. "ఇందులో ఉందా?"

"లేదు. ఎంతైనా చూడొచ్చు."

"ఒక్కడినే చూస్తే అరగదంట."

ఆమె ఫోన్ పక్కన పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. దగ్గు మందు అడిగిన పెద్దాయనకి చిరునవ్వుతో దోమల కాయిల్ ఇచ్చింది.

ఆ సాయంత్రం షట్టర్ దించే వేళకి వాన ఊరంతటినీ ఒకేసారి తడపాలని పంతం పట్టినట్టు దంచేస్తోంది. చూరు కింద కళ ఒక్కతీ ఉంది. వాసుదేవ్ స్కూటర్ ఆపి పరిగెత్తుకొచ్చి పక్కన నిలబడ్డాడు. చేతిలో గొడుగుంది గానీ విప్పలేదు.

"గొడుగు తెచ్చి తడిశావేంటి?"

"ఇది నీకు తెచ్చాను." గొడుగు ఆమె చేతిలో పెట్టాడు. "కళా, నాకు తిప్పి చెప్పడం రాదు. ఇంజన్ పాడైతే పాడైందంటాను, అంతే. నువ్వంటే నాకు ప్రాణం. నీకెలా ఉందో చెప్పు."

కళ గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. "నాకూ అంతే. కానీ వాసూ, మా నాన్న పాలమ్ముతాడు."

"అయితే?"

అయితే ఏమిటో అతనికి తెలియదు. కళ తండ్రి రాఘవయ్యకి బ్రూక్షాబాద్‌లో గేదెల పాక ఉంది. పొడితో గడిపే దీవిలో చిక్కటి పాలకి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఆయన ఇంట్లో ఒక ఆచారం ఉంది. పిల్లని చూడ్డానికొచ్చినవాడు ఆ పూట పితికిన పాలు ఇత్తడి గ్లాసుతో గడగడా తాగాలి. "పాలొద్దన్నోడు నా గుమ్మం వద్దన్నట్టే" అంటాడాయన. పోయినేడు ఒక బ్యాంకు ఉద్యోగి మీగడ చూసి మొహం చిట్లించి సగం వదిలేశాడు. ఆ సంబంధమూ సగంలోనే ఆగిపోయింది. ఆయన మాత్రం ఎప్పుడూ లాల్ చాయే. అడిగితే, అమ్మేవాడు తాగితే అమ్మడానికేం మిగులుద్ది అంటాడు.

"తాగేస్తాను," అన్నాడు వాసుదేవ్.

"తాగి?"

"అది తర్వాత చూసుకోవచ్చు."

"అబ్బో, హీరో! నేను ఫార్మసిస్టుని, నా దగ్గర ప్లానుంది. పాలచక్కెరని అరిగించే మాత్రలున్నాయి. చెన్నై నుంచి తెప్పిస్తాను. ముందొకటి మింగి గ్లాసు ఎత్తెయ్."

ఇద్దరికీ దూరపు చుట్టమైన అసిరయ్య మావయ్య ద్వారా, ఒకరికొకరు తెలియనట్టే సంబంధం కదిపారు. రాఘవయ్య ఆదివారం రమ్మన్నాడు. మాత్రల పార్సిల్ చెన్నైలో బయలుదేరింది. అదే సమయానికి సముద్రం కూడా బయలుదేరింది. అలలు తాటిచెట్టంత ఎత్తు లేస్తున్నాయని ఓడని చెన్నై రేవులోనే ఆపేశారు.

ఆదివారం పొద్దున్న కళ చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటూ, "వచ్చిందా?" అని, పార్సిల్ కోసం జెట్టీకెళ్ళిన వాసుదేవ్‌కి మెసేజ్ పెట్టింది.

"పార్సిల్ రాలేదు. నేను వస్తున్నాను," అని జవాబొచ్చింది.

డిగ్లీపూర్ నుంచి రోజంతా బస్సులో వచ్చిన వాసుదేవ్ తండ్రి నూకన్న, తల్లి రామలక్ష్మి నడుము పట్టుకుని చాప మీద కూర్చున్నారు. వాసుదేవ్ ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. కళ టీ ట్రేతో వచ్చి, అతన్ని జన్మలో చూడనట్టు నేల చూపులు చూసింది. అతనూ గోడ మీద క్యాలెండర్‌ని తెగ చదివేస్తున్నాడు.

"మా ఇంట్లో ఒక మర్యాదుంది బాబూ," అన్నాడు రాఘవయ్య. కళ తల్లి వీరలక్ష్మి ఇత్తడి గ్లాసు తెచ్చింది. అంచు దాకా పాలు, పైన నురగ.

వాసుదేవ్ గ్లాసు అందుకున్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కళ వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. నీకోసం ఇదెంత అన్నట్టు నవ్వుంది. గ్లాసు పెదాలకి ఆనించాడు.

"నాన్నా, వద్దు! వాసుకి పాలు పడవు!"

గది మొత్తం కళ వైపు తిరిగింది. మాట నోరు దాటాక గానీ ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. అసిరయ్య మావయ్య నెమ్మదిగా కళ్ళు మూసుకున్నాడు.

"వాసు అంటే ఎవరే?" రాఘవయ్య గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గితేనే భయపడాలి. "ఈ బాబుకి పాలు పడవని నీకెలా తెలుసు?"

వాసుదేవ్ లేచి నిలబడ్డాడు. "నేనే చెప్పానండీ. మేమిద్దరం ఒకర్నొకరం ఇష్టపడ్డాం. దాచడం తప్పే, మాఫ్ కరో. కడుపు మాట కడుపు చూసుకుంటుందిలే అని గ్లాసెత్తాను. తాగమంటే ఇప్పుడే తాగేస్తాను. పిల్లని మాత్రం కాదనకండి."

"తాగడు!" అంది కళ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇతన్ని బాధపెట్టి చేసుకునే పెళ్ళి నాకొద్దు నాన్నా. ఇతను కాకుండా ఇంకెవరూ వద్దు."

అంతలో కిసుక్కున నవ్వు వినిపించింది. వీరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"చెప్పెయ్యండి ఇంక," అంది మొగుడితో.

"నువ్వూరుకో."

"ఇన్నేళ్ళూ ఊరుకోలేదేటి? ఓలమ్మా, వినండి. ఈయన నన్ను చూడ్డానికొచ్చినప్పుడు మా నాన్న ఇదే గ్లాసిచ్చాడు. గడగడా తాగేసి, అరగంట తిరక్కుండా పొట్ట పట్టుకుని లేచిపోయారు. ఎక్కడికి బాబూ అంటే, గేదెని చూసొస్తానండీ అన్నారు. వచ్చి కూర్చుంటారు, మళ్ళీ గేదెని చూసొస్తానంటారు! అల్లుడికి గేదెలంటే ఎంత ప్రేమో అని మా నాన్న మురిసిపోయి, పెళ్ళికి ఆ గేదెనే తోలి పంపాడు. ఈ పాల వ్యాపారం అలా మొదలైందే!"

నూకన్న పకపకా నవ్వాడు. అతన్ని చూసి రామలక్ష్మీ నవ్వింది. కళ తండ్రి వంక కళ్ళార్పకుండా చూసింది.

"నాన్నా! అయితే ఆ లాల్ చాయ్..."

"అమ్మేవాడు తాగకూడదని..."

"నాన్నా!"

"సరే, పడవు! ఇప్పుడేటంటావు?"

"ఇంట్లో పేషెంట్‌ని పెట్టుకుని ఊరందరికీ లెక్చర్లిచ్చాను! మరి వచ్చినవాళ్ళందరి చేతా ఎందుకు తాగించావు?"

రాఘవయ్య చెవులు ఎర్రబడ్డాయి. "నా కూతురి కోసం నేను పడ్డన్ని పాట్లు పడేవాడు దొరుకుతాడేమోనని చూశానే. తాగినోళ్ళని చూశాను, వదిలేసినోళ్ళని చూశాను. పడదని తెలిసీ ఎత్తినోణ్ణి ఇప్పుడే చూస్తున్నాను." వాసుదేవ్ చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. "పెరుగు పడుద్దా బాబూ?"

"పడుద్దండీ. తోడుకునేటప్పుడు పాలచక్కెర కొంత తగ్గుద్దంట. కళే చెప్పింది."

"నాకూ పెరుగొక్కటే పడుద్ది. ఎందుకో ఇన్నాళ్ళూ తెలీలేదు." ఆయన వంటింటి వైపు కేకేశాడు. "వీరలక్ష్మీ, నాకూ అల్లుడికీ మజ్జిగ!"

అల్లుడు! కళకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. చీర కట్టుకున్నందుకు ఊరుకుంది.

మజ్జిగ తాగి మూతి తుడుచుకుని వాసుదేవ్ మర్యాదగా అడిగాడు. "మావయ్యా, ఒకసారి గేదెని చూసొస్తానండీ."

రాఘవయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "కడుపు బాగానే ఉంది కదా?"

"ఫస్ట్ క్లాస్‌గా ఉందండీ."

"అయితే ఒక్కడివే ఎందుకు? అమ్మీ, వెళ్ళి చూపించు."

పాకలో గేదె మేత నములుతోంది. దాన్ని చూసినవాళ్ళు లేరు. బయట వాన మళ్ళీ అందుకుంది. వాసుదేవ్ కళ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గట్టిగా తిరిగి పట్టుకుంది.

"అంతమందిలో వాసు అన్నావేటి?"

"భయ్యా అనమంటావా?"

అతను ఇంకేదో అనబోయి దగ్గరికి వంగేలోపు అరుగు మీంచి రాఘవయ్య గొంతు ఖంగుమంది.

"అమ్మీ! ఈ బిస్కెట్లో ఉందేటే, ఆ పాలచక్కెర?"

"ఉంది!" అన్నారు పాకలోంచి ఇద్దరూ ఒక్కసారే.