మాయమైన పాటలు

తలుపు తోసుకుని వచ్చినామె కూర్చోకుండానే లాప్‌టాప్ తెరిచి డిటెక్టివ్ ముందు పెట్టింది. తమ్ముడు నడిపే సంగీత పాఠశాలకు వెబ్‌సైట్ తయారుచేసింది ఆమే.

"రేపటి పోటీలో వినిపించాల్సిన పిల్లల పాటల రికార్డింగులు సైటులోంచి పోయాయి మేడమ్. గాత్రం టీచర్ తమ్ముడితో గొడవపడి నిన్న మానేశారు. పోతూ పోతూ పాటలన్నీ చెరిపేసి, తన పేరు కూడా తీసేసుకుందని వాడు ఊరంతా చెబుతున్నాడు. పాటలకు నకలుంది, నేను తెచ్చుకోగలను. ఆవిడ పరువు ఎలా తేను?"

"వయొలిన్ పిల్లలవి?"

"చెక్కుచెదరలేదు."

"గాత్రం పిల్లల్లో ఎవరివైనా మిగిలాయా?"

ఆమె వెతికింది. "ఒక్క అమ్మాయి పాటలున్నాయి. ఈ మధ్యే వయొలిన్ టీచర్ దగ్గరికి మారింది."

"టీచర్లు ఏమేం తీసేయగలరు?"

"తాము ఎక్కించిన పాటలే. టీచర్ల పేర్లు ముట్టుకోగలిగేది నేనూ, తమ్ముడూ."

"కోపంలో ఆ ఒక్కమ్మాయిని మరిచిపోయి ఉంటుంది మేడమ్," అన్నాడు అసిస్టెంటు. డిటెక్టివ్ నవ్వి చెప్పులు వేసుకుంది.

సాయంత్రం పాఠశాల హాల్లో అక్క, తమ్ముడు, టీచర్ ఎడమెడంగా కూర్చున్నారు. డిటెక్టివ్ నిలబడే మాట్లాడింది.

"పాటలు చెరపాలనుకున్నవాళ్ళు ఆ అమ్మాయి పాటలను వదలరు. అవీ ఈ టీచర్‌గారు నేర్పి, ఎక్కించినవే. అవి మిగిలాయంటే చెరిపింది పాటలను కాదు. డేటాబేస్‌లో టీచర్ కింద విద్యార్థి, విద్యార్థి కింద పాట. పైనున్నది తీస్తే కిందవన్నీ దానితోపాటే పోయేలా ముడివేశారు. ఆ అమ్మాయి అప్పటికే వయొలిన్ టీచర్ కిందికి చేరింది కాబట్టి బతికిపోయింది. అంటే ఎవరో టీచర్ పేరు తీశారు. ఆ అధికారం ఈవిడకు లేదు. అక్కగారు తీసి ఉంటే నా దగ్గరికి రారు."

తమ్ముడి ముఖం పాలిపోయింది. "పేరొక్కటే తీశానక్కా, కోపంలో. పాటలు పోవడం చూసి, అది ఆవిడ పనే అనుకున్నా. నా సంగతి బయటపడుతుందని, పేరు కూడా ఆవిడే తీసుకుందని అబద్ధమాడాను."

"ఆ ముడి వేసింది నేనేగా," అంటూ అక్క లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. విద్యార్థులున్న టీచర్ పేరు ఎవరు తీయబోయినా సైటు ఒప్పుకోకుండా మార్చింది. నకలు నుంచి పాటలన్నీ తిరిగొచ్చాయి. అసిస్టెంటు డిటెక్టివ్ వైపు చూసి, ఈ కేసు తనే ఛేదించినంత దర్జాగా కాలరు సర్దుకున్నాడు.

తమ్ముడు లేచి చేతులు జోడించాడు. "క్షమించండి. మళ్ళీ రండి టీచర్."

"చాటుగా అడిగితే చాలదు బాబూ. నా గురించి ఊరంతా చెప్పావు. రేపు పోటీలో ఊరందరి ముందూ చెప్పు."

మరునాడు పోటీ హాలు కిక్కిరిసిపోయింది. తమ్ముడు మైకు ముందుకొచ్చి, తను ఆడిన అబద్ధం దాచకుండా ఒప్పుకుని, "ఈ పిల్లలకు పాట నేర్పింది ఈవిడే," అని గుమ్మం దగ్గర నిలబడ్డ టీచర్‌ను చూపించాడు. వరసగా కూర్చున్న పిల్లలంతా ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఆమె తల ఎత్తి వాళ్ళ మధ్యలోంచి నడిచి, మొదటి వరసలో కూర్చుంది.