నాలుగో పొట్లం

కాకినాడ మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు మీద ఉంటుంది డిటెక్టివ్ వరహాలమ్మ గారి గది. వచ్చినవాళ్ళు మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చుని, తర్వాత గోడు చెప్పుకుంటారు. ఆ ఉదయం వచ్చిన అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

“రేపు మధ్యాహ్నం నా ఉద్యోగం పోతుందండీ,” అంది గుమ్మంలోనే.

వరహాలమ్మ పెసరట్టు తుంచుతూ తలెత్తింది. “రేపటి మాట కదా. ఇవాళైతే కూర్చో. నూకరాజూ, కుర్చీ ఇటు లాగరా.”

నూకరాజు ఆవిడ అసిస్టెంటు. అమ్మగారి బుర్ర ముందు కంప్యూటర్లు ఏ మూలకీ రావని అతని నమ్మకం. ఆ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతాడు.

అమ్మాయి పేరు పడాల మంజూష. డ్రగ్ ఇన్‌స్పెక్టరుగా చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. తండ్రి పిఠాపురంలో టైలరు. ఫార్మసీ చదివి, మందుల కంపెనీలో పని చేసుకుంటూ, పరీక్ష రాసి తప్పి, మళ్ళీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం ఇది.

“చిట్టూరి గోపాలం గారి మందుల కొట్టులో శాంపిల్ తీశానండీ. పిల్లల జ్వరానికి వాడే యాంటీబయాటిక్ పొడి. నీళ్ళు కలిపితే మైదాపిండిలా ఉండకట్టింది. నకిలీ అని అప్పుడే అనుకున్నాను. ల్యాబు మాత్రం మందు శుద్ధంగా ఉందని రిపోర్టిచ్చింది. నేను లంచం అడిగాననీ, ఇవ్వలేదని కక్ష కట్టాననీ ఆయన మా పై ఆఫీసరు పరాంకుశం గారికి ఫిర్యాదు పెట్టాడు. రేపు దాని మీద విచారణ.”

“శాంపిల్ ఎలా తీశావో చెప్పు. ఏదీ వదలకు.”

“ఆయన ఎదురుగానే నాలుగు పొట్లాలు కట్టి, లక్క కరిగించి, నా ఇత్తడి సీలు వేశాను. రూలు ప్రకారం ఒకటి ఆయనకే ఇచ్చేశాను. ల్యాబుకి ఒకటి, కోర్టుకి ఒకటి, కంపెనీకి ఒకటి అని మిగతా మూడూ ఆఫీసు బీరువాలో పెట్టాను. అది దుర్గాష్టమి. సెలవులయ్యాకే ల్యాబుకి పంపాం. సీలు చెక్కుచెదరలేదని వాళ్ళే రాశారు.”

“సీలు ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుందా?”

“ఆయ్, నా హ్యాండ్‌బ్యాగులోనే. నవమి నాడు ఆయుధపూజకి అందరూ పనిముట్లు పెడుతుంటే నేనూ పెట్టాను. దశమి పొద్దున తెచ్చేసుకున్నా.”

“ఇంతకీ నీ భయం ఉద్యోగం గురించేనా?”

“అది ఒకటండీ. ఆ పొడి ఇంకా అమ్ముతున్నాడు. నా శాంపిలే దానికి మంచి మందని ముద్ర వేసింది.”

వరహాలమ్మ చెయ్యి కడుక్కుని లేచింది.

ఆఫీసులో బీరువా తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒకరు అటెండరు అప్పలస్వామి, ఇంకొకరు సీనియర్ అసిస్టెంటు పేర్రాజు. వరహాలమ్మ ముందు అప్పలస్వామిని పిలిచింది. అతను పూజ సంగతి ఎత్తగానే వెలిగిపోయాడు.

“నా చేత్తోనే చేశానండి బాబూ! కంప్యూటర్లకీ, జీపుకీ, ఆఖరికి స్టాప్లరుకి కూడా గంధం రాసి బొట్టెట్టాను. మేడం గారి సీలుకి మరీ దట్టంగా పూశాను. సాయంత్రానికి ఎండిపోతే, కొత్త ఇత్తడి మచ్చ పడుద్దని గుడ్డెట్టి తుడిచి మళ్ళీ అమ్మవారి ముందే ఎట్టేశా. తెల్లారేదాకా కదపకూడదు కదండీ.”

పేర్రాజు పెద్దమనిషి. లడ్డూ పెట్టి మరీ మాట్లాడాడు.

“తీసుకోండమ్మా, దసరాల్లో మా అబ్బాయికి కొడుకు పుట్టాడు. అందుకే పూజకి లోపలికి కూడా రాలేదు. పురుడు కదా. గుమ్మం బయట నిలబడి దణ్ణం పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాను.”

“చల్లగా ఉండాలి పసివాడు,” అంది వరహాలమ్మ, లడ్డూ నూకరాజు చేతిలో పెట్టి. “బీరువా తెరవండి.”

గోపాలం కొట్టు పొట్లాలు రెండూ బల్ల మీదికి వచ్చాయి. అష్టమి పొద్దునే మంజూష ఇంకో కొట్టులో తీసిన శాంపిల్ పొట్లం కూడా ఆ అరలోనే ఉంది. వరహాలమ్మ భూతద్దం తీసి మూడింటి మీదా లక్క చూసింది. సంతకాలు చూసింది. కవర్లు తిప్పి చూసింది.

మెట్లు దిగుతుంటే నూకరాజు ఉండబట్టలేక అడిగాడు. “ఏం కనబడిందండీ?”

“మూడు పొట్లాలు కనబడ్డాయి. నాలుగోది చూడాలి. గోపాలానికి ఫోన్ చేసి, రేపు విచారణకి ఆయన పొట్లం పట్టుకు రమ్మను. ఆయన నిజాయితీ అందరికీ తెలుస్తుందని చెప్పు.”

“మనం ఆయన తరఫునా ఏంటండీ?”

“అలా అనుకుంటేనే తెస్తాడు.”

మర్నాడు పరాంకుశం గారి గదిలో అందరూ చేరారు. ఆయన ఆ శాఖకి జిల్లాలో పెద్ద. ఉద్యోగం తీసేసే ఉత్తర్వు సంతకానికి సిద్ధంగా బల్ల మీద ఉంది. మంజూష గోడ పక్కన నిలబడింది. అప్పలస్వామి, పేర్రాజు తలుపు దగ్గర ఉన్నారు. గోపాలం పట్టు లాల్చీలో పెళ్ళికొచ్చినట్టు వచ్చి, పొట్లాన్ని బల్ల మీద పెట్టాడు.

“చూసుకోండి సార్. అష్టమి నాడు ఈ అమ్మాయి నా చేతికిచ్చింది ఇచ్చినట్టే ఉంది. సీలు మీద ఈగైనా వాలలేదు.”

“అష్టమి నుంచి మీ కొట్టు దాటలేదు కదండీ?” అంది వరహాలమ్మ.

“దాటలేదు. మా ఇనప్పెట్టెలో ఉంది. మా అమ్మ మీద ఒట్టు!”

“పెద్దావిణ్ణి ఎందుకులెండి మధ్యలోకి.” వరహాలమ్మ భూతద్దం పరాంకుశం గారికి అందించింది. “ఆ లక్క మీద పడిన అక్షరాలకి ఏం అంటి ఉందో చూడండి.”

పరాంకుశం గారు చాలాసేపు చూశారు. “ఏదో పసుపుపచ్చగా ఉంది. గీతలు గీతలుగా.”

“గంధం. బీరువాలోని రెండు పొట్లాల మీదా ఉంది. అదే అష్టమి పొద్దున అదే సీలుతో వేరే కొట్టులో వేసిన పొట్లం ఇదిగో, దీని మీద లేదు. ఎందుకుంటుంది? సీలుకి గంధం పూసింది నవమి నాడు. గోపాలం గారూ, మీ ఇనప్పెట్టె దాటని పొట్లానికి మర్నాటి పూజ గంధం ఎలా అంటిందంటారు?”

గోపాలం పొట్లం వెనక్కి తీసుకోబోతే వరహాలమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

“కవర్లు అవే, సంతకాలూ అవే. లక్క ఊడదీసి, లోపల సీసాలు మార్చి, కొత్త లక్క మీద అదే సీలు వేశారు. నవమి రాత్రి సీలు అమ్మవారి ముందు ఒంటరిగా ఉంది. ఈయన తన పొట్లం కూడా తెచ్చి మార్పించుకున్నాడు, రేపు ఎవరికైనా చూపించుకోవచ్చని. ఆ అతి జాగ్రత్తే కొంప ముంచింది.”

“బీరువా తీసిందెవరు మరి?” అన్నారు పరాంకుశం గారు.

అప్పలస్వామి ముందుకు ఉరికాడు. “నేను కాదండి బాబోయ్!”

“నువ్వు కాదులే. సీలుకి గంధం దట్టంగా పూసిన చెయ్యి నీది. గాళ్ళలో మిగిలి ఉంటుందని నీకు తెలుసు, నువ్వైతే శుభ్రంగా కడిగే వేసేవాడివి. నువ్వు పైపైన తుడిచాక వచ్చినవాడికి సీలు తళతళలాడుతూ కనిపించింది. దానికి గంధం పూశారని తెలియనివాడు, అంటే పూజలో లేనివాడు, బీరువా తాళం ఉన్నవాడు.” వరహాలమ్మ తల తిప్పింది. “పేర్రాజు గారూ, పూజకి రాలేదని మీరే చెప్పారు.”

పేర్రాజు గోపాలం వైపు చూశాడు. గోపాలం అతని వైపు చూడలేదు.

“నన్ను చూడవేంటయ్యా?” అని అరిచాడు పేర్రాజు. “ఒక్క రాత్రి పని, ఎవడికీ తెలీదు, ఏ భయమూ లేదు అన్నావు కదా!”

“హవ్వ!” అప్పలస్వామి చెంపలు వేసుకున్నాడు. “పురుట్లో ఉండి అమ్మవారి ముందున్న సీలు ముట్టుకున్నారా!” లోకంలో అంతకంటే ఘోరం అతనికి తోచలేదు.

పరాంకుశం గారు ఉత్తర్వు కాగితాన్ని అడ్డంగా చింపి, పోలీసులకి ఫోన్ చేశారు. తర్వాత మంజూషతో, “నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా. ఇవాళ ఇంటికెళ్ళి పడుకో,” అన్నారు.

మంజూష ఏడవలేదు, నవ్వలేదు, దణ్ణం పెట్టలేదు. “జీపు కావాలి సార్,” అంది.

వాళ్ళు వెళ్ళేసరికి గోపాలం కొట్టులో బేరం జోరుగా సాగుతోంది. కౌంటరు దగ్గర ఒక జాలరి ఆడమనిషి, భుజం మీద జ్వరంతో సోలిపోయిన పిల్లతో నిలబడి, అప్పుడే సీసా అందుకుంది. అదే పొడి. మంజూష జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆ చెయ్యి పట్టేసుకుంది.

“ఇది పిల్లకి పట్టావా అమ్మా?”

“ఓలమ్మ, ఏటలా మీద పడిపోతావు? ఇప్పుడే కదా కొన్నాను! మూతైనా తియ్యలేదు.”

మంజూష సీసా లాక్కుంది. మూత మీద ఇంకా విరగని రింగును వేలితో తడిమి చూసింది. ఆ తర్వాత కొట్టు మెట్ల మీద కూలబడి, చూసేవాళ్ళని పట్టించుకోకుండా, బావురుమని ఏడ్చేసింది.