మూషికశ్రవణి

ఉదయం పది గంటలకు, అప్పడాల పిండి సగం దంచాక, గోడమీది మూషికశ్రవణి ఎర్రబడింది. తాయారు రోకలి ఆపేసింది. ఈ ఏడాది ఇది రెండోసారి. మూడోసారి ఎర్రబడితే గృహవృత్తి పట్టా రద్దు. ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఎలుకజ్వరం ఊరిని ఊడ్చిపెట్టాక వచ్చిన ఏర్పాటిది. కార్ఖానాలు మూతపడి, నగరం తినేదంతా ఇళ్లలోనే తయారవుతున్న కాలం. పని జరిగే ప్రతి ఇంటి గోడలోనూ ఆరోగ్యశాఖ ఒక శ్రవణిని పొదిగింది. పని వేళల్లో ఎలుక గోకిన చప్పుడు ఎంత సన్నగా ఉన్నా అది పట్టేస్తుంది. నిజానికి ఆ వీధిలో ఎలుక కనబడి నాలుగేళ్లయింది.

గోకింది ఎలుక కాదు, అక్క. మొన్నీమధ్యే పక్షవాతంతో మాట పడిపోయిన మాణిక్యాంబకు కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. అదీ పిలవడానికి గంట పట్టుకునేంత పట్టు లేనిది. మంచం పక్క గోడను గోటితో రెండుసార్లు గీకితే దాహం, మూడుసార్లయితే పక్క మార్చమని, ఆపకుండా గీకితే వెంటనే రమ్మని. ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చుని అప్పడాలు ఒత్తిన అక్కచెల్లెళ్లకు మిగిలిన మాటలు అవే.

మధ్యాహ్నం వార్డు ఆరోగ్య పర్యవేక్షకుడు ఫణీంద్ర వచ్చి, మంచం దగ్గర నిలబడి అంతా చూశాడు.

"మనిషి గోరు అని రాయడానికి ఈ ఫారంలో గడి లేదమ్మా. ఎలుక ఉందా, లేదా. అంతే."

"మంచం జరపడానికి జాగా లేదు. నన్నేం చెయ్యమంటారు బాబూ?"

"చప్పుడు కాకుండా చూసుకోండి," అన్నాడతను తల దించుకుని.

సాయంత్రం తాయారు అప్పడాలు ఆరబెట్టే పాత పంచె చింపి, చేతికి తొడిగే సంచీ కుట్టింది. "పని ఉన్నంతసేపే అక్కా. గంటగంటకీ వచ్చి చూస్తాగా," అంది. మాణిక్యాంబ చెల్లెలి మొహంలోకి కాసేపు చూసి, తనే చెయ్యి చాపింది. తాయారుకు ఏడుపు ఆగలేదు.

మొదట్లో గంటగంటకీ వెళ్లింది. పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చిపడ్డాక గంటలు కాస్తా పూటలయ్యాయి. శ్రవణి మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది.

నలభయ్యో రోజున ఫణీంద్ర మళ్లీ వచ్చాడు. "మీ పట్టా పొడిగించారమ్మా," అన్నాడు, ఈసారి నవ్వుతూ. తాయారు చేతుల పిండి కొంగుకు తుడుచుకుని, అక్కకు చెబుదామని మంచానికి అడ్డంగా కట్టిన తెర తీసింది.

మాణిక్యాంబ కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. పొద్దున పట్టిన గంజి నోట్లోంచి కారి చెంపమీద ఎండిపోయింది. సంచీ కొస పీచుపీచుగా లేచి, నిండా సున్నం అంటుకుంది. గోడమీద అరచేతి వెడల్పున సున్నం రాలిపోయి ఉంది.

"తెర ఇవతలే ఉన్నాను బాబూ," అంది తాయారు. "అప్పడాలు ఒత్తుకుంటూ ఇక్కడే ఉన్నాను."

అక్క చేతి సంచీ మెల్లగా విప్పింది. మంచం పట్టె మీద కూర్చుని, తన గోటితో గోడ గీకడం మొదలుపెట్టింది.

ముందుగదిలో శ్రవణి దీపం ఎర్రబడింది.

"ఆపండమ్మా, పట్టా పోతుంది," అన్నాడు ఫణీంద్ర.

ఆమె ఆపలేదు.