పన్నెండు క్రెడిట్ల బర్మా భాష

ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. ఆవగింజంత అబద్ధం దొర్లినా ఈ కళ్ళజోడు ముక్కు మీదే పగిలిపోవాలి. నమ్మకం లేకపోతే మన విశాఖపట్నంలో ఈ బర్మావాళ్ళ వీధిలో ఎవర్నైనా అడుగు.

ఆ వేళ కాలేజీ ల్యాబులో నీలవేణి నెత్తిన మాటల్ని తూచే పలుకుకాటా టోపీ ఉంది. దాని వైర్లు విప్పి పరిస్తే భీమిలి దాకా వెళ్ళి తిరిగొస్తాయి. చెవిలో ఎవరో ఫ్రెంచిలో "వాన పడుతోంది, గొడుగు తీసుకో" అన్నారు. ఎదురుగా పసుపు దీపం వెలిగింది.

"మళ్ళీ ఫెయిలే," అంది డాక్టర్ బెహరా సుచరిత. ఆ మెషీన్ కనిపెట్టింది ఆవిడే.

"అర్థమైంది కదా మేడం! గొడుగు!"

"ముందు తెలుగులోకి మార్చుకుని, తర్వాత అర్థం చేసుకున్నావు. ఈ టోపీ పట్టుకునేది దాన్నే. మాట చెవిన పడగానే తిన్నగా లోపలికి దిగితే ఆకుపచ్చ. తెలుగు మీదుగా వెళ్తే పసుపు. అసలు దిగకపోతే ఎరుపు. బట్టీ పట్టేవాళ్ళ పీడ వదలాలనే కదా దీన్ని చేశాను!"

నీలవేణికి ఏడుపొచ్చింది. విదేశీ భాషలో పన్నెండు క్రెడిట్లు లేకపోతే డిగ్రీ ఇవ్వరు. క్లాసులకి వెళ్ళక్కర్లేదు, పరీక్షలో ఆకుపచ్చ వస్తే పన్నెండూ ఒక్కసారే ఇచ్చేస్తారు. కానీ ఆ పిల్ల ఆరో క్లాసు నించీ హాస్టల్లో నాలుగింటికి లేచి చదివిన పిల్ల. మందు సీసా మీది కాగితం ఇచ్చినా కామాలతో సహా అప్పజెప్పేది. అదే ఆమె ఖర్మ.

"ఇంట్లో ఎవరికైనా వేరే భాష వచ్చా?"

"మా అమ్మమ్మకి బర్మా భాష వచ్చు మేడం. తొమ్మిదో ఏట రంగూన్ నించి ఓడలో వచ్చేసింది. మా వీధిలో ఆ తరం వాళ్ళంతా పోయారు. ఇప్పుడు అమ్మమ్మతో ఆ భాష మాట్లాడేవాళ్ళే లేరు."

డాక్టర్ సుచరిత రెండు ప్రాక్టీసు టోపీలు తీసిచ్చింది. "నీకొకటి, మామ్మగారికొకటి. ఇవి పెట్టుకుని ఆ భాషలోనే మాట్లాడుకుంటే అది తిన్నగా లోపలికి దిగుతుంది. కానీ జాగ్రత్త. మెదడులో భాషలు ఒకే పొయ్యి మీది రెండు గిన్నెలు. ఒకదాని కింద మంట పెంచితే రెండోది చల్లారుతుంది. రోజుకి అరగంట. దాటకూడదు."

ఇంట్లో అమ్మమ్మ దాలమ్మ టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటే ఇది, కోళ్ళగంపా? ఈ వయసులో నాకు పరీక్షేటే?"

"పరీక్ష నాకే. నువ్వు మాట్లాడు, చాలు."

"మాటలకేం, బోల్డు. బేగి పెట్టీ."

అరగంట అన్న మాట నీలవేణికి చెవికెక్కలేదు. అరగంటలో ఎవరైనా ఏం చదువుతారు? హాస్టల్లో అయితే అరగంట పళ్ళు తోముకోవడానికి ఇచ్చేవారు! గోడకి టైంటేబుల్ అంటించింది. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. ఆరు గంటలూ ఇద్దరి నెత్తినా టోపీలే.

మొదటి రోజు దాలమ్మకి మూడు మాటలు గుర్తొచ్చాయి. పదో రోజుకి రంగూన్ రంగూనంతా గుర్తొచ్చింది. నది, బజారు, బొమ్మ కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్న స్నేహితురాలు. చెప్పి నవ్వితే హార్బరులో ఓడలు ఊగాయి. పొద్దున్నే మొదటి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. "తమిన్ సా పీ బీ లా?" అన్నం తిన్నావా అని. ఆ దేశంలో మనిషికి మనిషి ఎదురుపడితే అలాగే పలకరించుకుంటారట.

నలభయ్యో రోజు దాలమ్మ వంటింట్లో నిలబడి ఉప్పుడబ్బా కేసి చూస్తూ ఉండిపోయింది. ఉప్పు అన్న తెలుగు మాట నోటికి రాలేదు. బర్మా భాషలో అడిగింది. నీలవేణి చూసింది. మంచి ప్రాక్టీసేలే అనుకుంది. ఆ అనుకున్న క్షణాన్ని ఇప్పటికీ మింగలేకపోతోంది.

పరీక్షలో వెలిగిన ఆకుపచ్చకి ల్యాబంతా వరిచేనైపోయింది. పన్నెండు క్రెడిట్లూ పడ్డాయి. అక్కడితో ఆగితే ఏమయ్యేదో! జర్మన్‌లో ఇంకో పన్నెండు సంపాదిస్తే ఒక సెమిస్టర్ మిగులుతుందని ఎవరో చెప్పారు. నీలవేణి టోపీ పెట్టుకుని, జర్మన్ రికార్డులు వింటూ మళ్ళీ రోజుకి ఆరు గంటలు కూర్చుంది. దాలమ్మ తన టోపీ తానే తెచ్చుకుని, పక్కన పీట వేసుకుని, ఎదురుచూసేది.

"ఇప్పుడు కాదు అమ్మమ్మా."

జర్మన్‌కీ ఆకుపచ్చే వచ్చింది. మర్నాడు పొద్దున్న దాలమ్మ పళ్ళెం పట్టుకొచ్చి ఏదో అంది. నీలవేణికి ఒక్క ముక్క తెలియలేదు.

"అమ్మమ్మా, తెలుగులో చెప్పు."

దాలమ్మ మనవరాలి నోటివంక చూసింది. మళ్ళీ అదే మాట నెమ్మదిగా, విడదీసి, పరాయివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

ల్యాబులో ఇద్దరికీ టోపీలు పెట్టారు. తెలుగుకి దాలమ్మ దగ్గర ఎరుపు. బర్మా భాషకి నీలవేణి దగ్గర ఎరుపు.

"రోజుకి ఎన్ని గంటలు?" అడిగింది డాక్టర్ సుచరిత.

"ఆరు."

ఆవిడ రెండు టోపీలూ తీసి పక్కన పెట్టింది. "తప్పు నాదే. అరగంట దాటితే దానంతటదే ఆగిపోయేలా చేయాల్సింది. మామ్మగారి తెలుగు గిన్నె ఇంక వేడెక్కదమ్మా. నువ్వు పగలంతా కాలేజీలో మాట్లాడబట్టి నీ తెలుగు నిలిచింది, మళ్ళీ టోపీ పెడితే ఈసారి అదీ పోతుంది. టోపీ లేకుండా, నోటితోనే నేర్చుకో. ఏళ్ళు పడుతుంది."

"నేర్చుకుంటే మళ్ళీ క్రెడిట్లు..." అలవాటుకొద్దీ వచ్చేసింది నోటివెంట. నాలుక కొరుక్కుంది.

"ఒకే భాషకి రెండుసార్లు ఇవ్వరు," అంది డాక్టర్ సుచరిత మెల్లగా.

ఇప్పుడు నీలవేణి రోజూ ఉప్పుడబ్బా మీద చెయ్యి వేస్తుంది. దాలమ్మ మాట చెబుతుంది. పిల్ల తప్పుగా అంటుంది, దాలమ్మ మనవరాలి నెత్తిన మొట్టికాయ వేస్తుంది. పగలంతా నీలవేణి కాలేజీలో ఉంటుంది కదా, అప్పుడు దాలమ్మ గుమ్మంలో కూర్చుని వీధిలో పోయే ప్రతివాళ్ళనీ అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఎవరూ ఆగరు.

ఇంకా కథ వింటూ కూర్చున్నావేం? లే. ఆ టిఫిన్ క్యారియర్లో నూడిల్స్ ఉన్నాయి, చల్లారకముందే దాలమ్మకి పట్టుకెళ్ళు. ఆకుపచ్చ తలుపు ఇల్లు, ఆవిడ గుమ్మంలోనే ఉంటుంది. ఆవిడ అడగకముందే నువ్వే అడుగు, "తమిన్ సా పీ బీ లా" అని. పలకడం తప్పితే తిడుతుంది. తిట్టనీ. అంతా అయ్యేదాకా అక్కడే నిలబడు.